పాత ప్రోగ్రామ్ విండోస్ 11లో ఓపెన్ అవుతోంది కానీ డేటా పాతదే చూపిస్తోంది, ఏం చేయాలి?

మీరు రాసిందాంట్లో నాకు అర్థమైంది ఇదండీ. ఎక్స్‌పీ రోజుల్లో ఎవరో రాసిచ్చిన స్టాక్, బిల్లింగ్ ప్రోగ్రామ్, విజువల్ బేసిక్ 6లో చేసింది, లోపల యాక్సెస్ డేటాబేస్. ఎక్స్‌పీ నుంచి విండోస్ 7కి మార్చారు, అక్కడ ఏళ్ల తరబడి బాగానే నడిచింది, ఇప్పుడు ఆ పీసీ మదర్‌బోర్డ్ పోయింది, హార్డ్ డిస్క్ మాత్రం బాగానే ఉంది. ఆ డిస్క్‌ని కొత్త విండోస్ 11 పీసీకి తగిలించి ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఉన్న ఫోల్డర్‌ని కాపీ చేస్తే మొదట ఏదో ఓసీఎక్స్ ఫైల్ (ప్రోగ్రామ్‌కి కావాల్సిన విడిభాగం లాంటిది) లేదంది, నెట్‌లో ఏదో సైట్‌లో దొరికితే దించి పెట్టారు, ఓపెన్ అయింది, కానీ కనిపించే ఎంట్రీలన్నీ ఎప్పటివో, ఈ మధ్యవి ఒక్కటీ లేవు. సెటప్ సీడీ లేదు, రాసినాయన దొరకట్లేదు.

కంగారు పడకండి, మీ డేటా పోయి ఉండదు, ఆ పాత డిస్క్‌లోనే ఇంకో చోట ఉండి ఉంటుంది, ఎక్కడో చెప్తాను. దానికంటే ముందు రెండు పనులు చేయండి. ఒకటి, కొత్త పీసీలో ఆ ప్రోగ్రామ్‌లో కొత్త బిల్లులు కొట్టడం ఇప్పుడే ఆపేయండి, ఎందుకంటే పాత ఎంట్రీల మీద కొత్త బిల్ నంబర్లు పడితే తర్వాత రెండు డేటాబేస్‌లని కలపడం నరకం. రెండోది, పాత డిస్క్ మొత్తాన్ని ఇంకో డిస్క్‌కి ఒక కాపీ తీసి పెట్టుకోండి, ప్రోగ్రామ్ ఫోల్డర్ ఒక్కటే కాదు, మొత్తం. ఇక మీదట ఏ ప్రయోగం చేసినా ఆ కాపీ మీద చేయండి, అసలు డిస్క్ తీసి పక్కన పెట్టేయండి.

ఇప్పుడు డేటా సంగతి. ఎక్స్‌పీలో దాదాపు అందరూ అడ్మినిస్ట్రేటర్‌గానే లాగిన్ అయ్యేవాళ్లు, అందుకని ప్రోగ్రామ్ రాసేవాళ్లు కూడా డేటా ఫైల్‌ని ప్రోగ్రామ్ ఫైల్స్‌లో తమ ఫోల్డర్‌లోనే పెట్టి అక్కడే రాసేసుకునేవాళ్లు, ఎవరూ ఏమీ అనేది కాదు. 2007లో విస్టా వచ్చాక యూఏసీ (యూజర్ అకౌంట్ కంట్రోల్) అని పెట్టారు, మామూలుగా నడిచే ప్రోగ్రామ్‌కి ప్రోగ్రామ్ ఫైల్స్‌లో రాసే హక్కు తీసేశారు. అలా తీసేసి ఊరుకుంటే పాత ప్రోగ్రాములన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి కదా, అందుకని మైక్రోసాఫ్ట్ వాళ్లు ఒక ఏర్పాటు చేశారు. పాత 32 బిట్ ప్రోగ్రామ్ ప్రోగ్రామ్ ఫైల్స్‌లోని ఫైల్‌లో రాయబోతే విండోస్ ఎర్రర్ ఇవ్వకుండా ఆ ఫైల్‌కి ఒక కాపీ తీసి యూజర్ సొంత ఫోల్డర్‌లో పెడుతుంది, అప్పట్నుంచి రాసేది, చదివేది అంతా ఆ కాపీలోనే. ప్రోగ్రామ్‌కి ఈ సంగతే తెలీదు, తన ఫోల్డర్‌లోనే రాస్తున్నాననుకుంటుంది. ఆ కాపీ ఉండే చోటు పేరు వర్చువల్‌స్టోర్.

అంటే మీరు ప్రోగ్రామ్ ఫైల్స్ నుంచి కాపీ చేసుకుంది విండోస్ 7కి మారిన రోజున అక్కడ ఉన్న డేటా ఫైల్, ఆ తర్వాత దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఒకసారి చివరి ఎంట్రీ ఏ తేదీదో చూడండి, ఎక్స్‌పీ నుంచి 7కి మారిన రోజులకి దగ్గరగా ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు. పాత డిస్క్‌లో యూజర్స్ ఫోల్డర్, అందులో పాత లాగిన్ పేరు, అందులో యాప్‌డేటా, లోకల్, వర్చువల్‌స్టోర్, ప్రోగ్రామ్ ఫైల్స్, ఆ లోపల మీ ప్రోగ్రామ్ పేరుతో ఫోల్డర్ ఉంటుంది. పాతది 64 బిట్ విండోస్ 7 అయితే ప్రోగ్రామ్ ఫైల్స్ పక్కన బ్రాకెట్లో ఎక్స్86 అని ఉంటుంది. యాప్‌డేటా హిడెన్ ఫోల్డర్, కాబట్టి ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ మెనూలోకి వెళ్లి హిడెన్ ఐటమ్స్ టిక్ పెట్టుకోవాలి, పర్మిషన్ లేదంటే కంటిన్యూ నొక్కండి. అక్కడ ఉన్న డేటాబేస్ ఫైల్ మోడిఫైడ్ తేదీ చూడండి, మీ పీసీ ఆగిపోయిన రోజుకి దగ్గర్లో ఉండాలి. ఒకటికి మించి లాగిన్లు వాడి ఉంటే ఒక్కో లాగిన్‌కి ఒక్కో వర్చువల్‌స్టోర్ ఉంటుంది, అన్నీ వెతకండి. ఒకే పీసీలో ఇద్దరు వేరు వేరు లాగిన్లతో పనిచేస్తే ఇద్దరి స్టాక్ లెక్కలు ఎప్పటికీ కలవకపోవడానికి కూడా ఇదే కారణం.

ఇందులోనే ఇంకో ఉచ్చు ఉంది, చాలామంది పడతారు. పాత ప్రోగ్రామ్ ఏ చిన్న గొడవ చేసినా రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ పెట్టేయండి అని సలహా ఇస్తారు. అడ్మిన్‌గా నడిపితే ఈ వర్చువల్‌స్టోర్ ఏర్పాటు పనిచేయదు, ప్రోగ్రామ్ నేరుగా ప్రోగ్రామ్ ఫైల్స్‌లోని ఫైల్‌నే తెరుస్తుంది. సోమవారం మామూలుగా ఓపెన్ చేసి ఎంట్రీలు కొట్టి, మంగళవారం అడ్మిన్‌గా ఓపెన్ చేస్తే సోమవారం ఎంట్రీలు కనిపించవు, డేటా ఎగిరిపోయిందని గుండె ఆగినంత పనవుతుంది. కాబట్టి ఏదో ఒక పద్ధతి పెట్టుకోవాలి, నన్నడిగితే రెండూ వద్దు. ప్రోగ్రామ్‌ని ప్రోగ్రామ్ ఫైల్స్‌లో పెట్టకుండా సీ డ్రైవ్‌లో నేరుగా ఒక ఫోల్డర్ చేసి అందులో పెట్టండి, అలా చేసిన ఫోల్డర్‌లో మామూలు యూజర్‌కి కూడా రాసే హక్కు ఉంటుంది, అడ్మిన్ గొడవా లేదు, వర్చువల్‌స్టోర్ గొడవా లేదు. వర్చువల్‌స్టోర్‌లో దొరికిన డేటాబేస్ ఫైల్‌ని ఆ ఫోల్డర్‌లో పాతదాని స్థానంలో పెట్టండి. డేటాబేస్ ఎక్కడుందో ప్రోగ్రామ్‌కి ఐఎన్ఐ అనే సెట్టింగుల ఫైల్‌లోనో, విండోస్ సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలోనో రాసి ఉండొచ్చు, ఐఎన్ఐ అయితే నోట్‌ప్యాడ్‌లో తెరిచి దారి మార్చేయొచ్చు. ఆ ఐఎన్ఐ ఫైల్‌కి కూడా వర్చువల్‌స్టోర్‌లో కొత్త కాపీ ఉండొచ్చని మర్చిపోకండి.

డేటాబేస్ ఫైల్ పక్కన అదే పేరుతో ఎల్‌డీబీ అనే చిన్న ఫైల్ కనిపిస్తే పీసీ ఆగిపోయినప్పుడు ప్రోగ్రామ్ తెరిచే ఉందని అర్థం. ఆ చిన్న ఫైల్ తీసేయొచ్చు, కానీ డేటాబేస్‌ని కంపాక్ట్ అండ్ రిపేర్ చేశాకే వాడండి, ప్రోగ్రామ్ లోపలే రిపేర్ డేటాబేస్ అని మెనూ ఉందేమో చూడండి, ఆ కాలం ప్రోగ్రాముల్లో ఎక్కువగా పెట్టేవాళ్లు. కొత్త యాక్సెస్‌తో మాత్రం తెరవకండి. యాక్సెస్ 97 ఫార్మాట్ ఫైల్ అయితే యాక్సెస్ 2013, ఆ తర్వాతి వెర్షన్లు అసలు తెరవవు, మధ్యలో వచ్చిన వెర్షన్లు తెరిచి కన్వర్ట్ చేయమంటారా అని అడుగుతాయి, సరే అన్నారంటే మీ పాత ప్రోగ్రామ్ ఆ ఫైల్‌ని మళ్లీ చదవలేకపోవచ్చు.

ఇక మీరు దించిన ఓసీఎక్స్ ఫైల్. దాన్ని డిలీట్ చేసి ఒకసారి వైరస్ స్కాన్ పెట్టండి. డీఎల్ఎల్ (ఇదీ అలాంటి విడిభాగం ఫైలే), ఓసీఎక్స్ ఫైళ్లు విడివిడిగా ఇచ్చే సైట్లని నమ్మొద్దు, ఫైల్‌లో ఏం కలిపారో తెలీదు, బాగున్నా వెర్షన్ వేరేది అవుతుంది. మీ చేతిలో పాత డిస్క్ ఉంది కదండీ, అందులో విండోస్ ఫోల్డర్‌లోనే సరైన ఫైల్ ఉంది. పాతది 32 బిట్ విండోస్ అయితే సిస్టమ్32లో, 64 బిట్ అయితే సిస్‌వావ్64లో వెతకండి. పేర్లు చూస్తే తిరగేసినట్టు ఉంటాయి, 64 బిట్ విండోస్‌లో సిస్టమ్32 అంటే 64 బిట్ ఫైళ్లు, సిస్‌వావ్64 అంటే 32 బిట్ ఫైళ్లు. విజువల్ బేసిక్ 6 ప్రోగ్రాములన్నీ 32 బిట్, కాబట్టి కొత్త పీసీలో ఫైల్ పెట్టాల్సింది సిస్‌వావ్64లో, తర్వాత కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మిన్‌గా తెరిచి ఆ ఫోల్డర్‌లోకి వెళ్లి అక్కడున్న రెగ్‌ఎస్‌వీఆర్32తో రిజిస్టర్ చేయాలి. విజువల్ బేసిక్ 6 అనేది 1998 నాటిది అయినా దాని ముఖ్యమైన రన్‌టైమ్ విండోస్ 11తోనే వస్తుంది, యాక్సెస్ ఫైళ్లని చదివే పాత జెట్ డేటాబేస్ ఇంజిన్ కూడా 32 బిట్‌లో ఉంది, లేనివల్లా ప్రోగ్రామ్‌తో పాటు విడిగా ఇచ్చిన కంట్రోల్ ఫైళ్లే. ఒకటి పెట్టగానే ఇంకొకటి అడుగుతుంది, విసుక్కోకుండా ఒక్కొక్కటే పాత డిస్క్ నుంచి తెచ్చుకోవాలి. ప్రోగ్రామ్ అంతా బాగా తిరిగి ప్రింట్ నొక్కగానే పడిపోతే రిపోర్టుల ఫైళ్లు లేవని, ఆ రోజుల్లో క్రిస్టల్ రిపోర్ట్స్ వాడేవాళ్లు ఎక్కువ.

ఏ ఫైల్ లేదో చెప్పకుండా ఆగిపోతే ప్రాసెస్ మానిటర్ వాడండి, మైక్రోసాఫ్ట్ వాళ్ల సిస్‌ఇంటర్నల్స్ పేజీలో ఉచితంగా దొరుకుతుంది. పాత సాఫ్ట్‌వేర్ నడపడానికి ఒక్క టూల్ మాత్రమే ఉంచుకోమంటే నేను దీన్నే ఉంచుకుంటాను. ప్రోగ్రామ్ ఏ ఫైల్ తెరవబోయింది, ఏ రిజిస్ట్రీ కీ చదివింది, ఏమైంది, అంతా వరసగా చూపిస్తుంది. ఫిల్టర్‌లో మీ ప్రోగ్రామ్ పేరు ఒక్కటే పెట్టి, ప్రోగ్రామ్ నడిపి, ఎర్రర్ బాక్స్ రాగానే రికార్డింగ్ ఆపేయండి. నేమ్ నాట్ ఫౌండ్ అని వందల లైన్లు కనిపిస్తాయి, వాటిని చూసి బెదరకండి, ఒక ఫైల్ కోసం విండోస్ ఒక ఫోల్డర్ తర్వాత ఇంకో ఫోల్డర్ వెతుకుతుంది కాబట్టి అవి మామూలే. చూడాల్సింది ఏంటంటే, ఒకే ఫైల్‌ని అన్ని చోట్లా వెతికి చివరికి ఎక్కడా సక్సెస్ అని రాకుండా, ఆ వెంటనే ప్రోగ్రామ్ ఆగిపోవడం. కింద నుంచి పైకి చదువుకుంటూ రండి, త్వరగా దొరుకుతుంది. యాక్సెస్ డినైడ్ అని ఉంటే అది పర్మిషన్ సమస్య, పక్కనే ఏ ఫోల్డరో ఉంటుంది, ఆ ఒక్క ఫోల్డర్‌కి రాసే హక్కు ఇస్తే చాలు. ఉదాహరణకి డెల్ఫీలో రాసి బోర్లాండ్ డేటాబేస్ ఇంజిన్ వాడే ప్రోగ్రాములు సీ డ్రైవ్ మొదట్లోనే ఒక నెట్ ఫైల్ రాయాలని చూస్తాయి, ఇప్పటి విండోస్ మామూలు యూజర్‌ని అక్కడ రాయనివ్వదు, బీడీఈ అడ్మినిస్ట్రేటర్‌లో నెట్ డైరెక్టరీ అనే సెట్టింగ్‌ని వేరే ఫోల్డర్‌కి మార్చేస్తే సరిపోతుంది.

ఎర్రర్ కోడ్ కూడా చదవండి. చివర 135 ఉంటే ఏదో డీఎల్ఎల్ లేదు. చివర 7బి ఉంటే ఎక్కువ సార్లు 32 బిట్ ప్రోగ్రామ్‌కి 64 బిట్ డీఎల్ఎల్ తగిలిందని, లేదా తిరగేసి. సైడ్ బై సైడ్ అని వస్తే విజువల్ సీ ప్లస్ ప్లస్ రన్‌టైమ్ కావాలి, మీది 64 బిట్ విండోస్ అయినా ప్రోగ్రామ్ 32 బిట్ అయితే ఎక్స్86 రన్‌టైమే వేయాలి, అదీ ప్రోగ్రామ్ కట్టిన సంవత్సరానిది. డాట్‌నెట్ 2 లేదా 3.5 అడిగితే నెట్‌లో వెతకక్కర్లేదు, టర్న్ విండోస్ ఫీచర్స్ ఆన్ ఆర్ ఆఫ్ అనే చోట డాట్‌నెట్ 3.5 టిక్ పెడితే 2, 3 కూడా వస్తాయి.

ఓడీబీసీ (ప్రోగ్రామ్‌ని డేటాబేస్‌కి కలిపే విండోస్ ఏర్పాటు) వాడే ప్రోగ్రాములకి ఇంకోటి చూసుకోవాలి. కంట్రోల్ ప్యానెల్‌లో ఓడీబీసీ రెండు ఉంటాయి, ఒకటి 32 బిట్, ఒకటి 64 బిట్, డీఎస్ఎన్‌ని, అంటే ఆ కనెక్షన్ వివరాలని, 64 బిట్ దాంట్లో చేస్తే 32 బిట్ ప్రోగ్రామ్‌కి పనికిరాదు, 32 బిట్ దాంట్లోనే చేయాలి.

మీ ప్రోగ్రామ్‌లో అన్నిటికంటే నేను భయపడేది తేదీల గురించి. విజువల్ బేసిక్ ప్రోగ్రాములు చాలావరకు తేదీని విండోస్ రీజియన్ సెట్టింగ్‌ని బట్టి అర్థం చేసుకుంటాయి. పాత పీసీలో రోజు ముందు, నెల తర్వాత అని ఉండి, కొత్త పీసీలో అమెరికా సెట్టింగ్ ఉంటే 3/4 అని కొట్టింది ఏప్రిల్ 3 కాకుండా మార్చి 4 అయిపోతుంది, ఎర్రర్ ఏమీ రాదు. 12 దాటిన తేదీలు మాత్రం సరిగ్గానే పడతాయి కాబట్టి వెంటనే బయటపడదు, నెలాఖరు రిపోర్ట్ తీసేదాకా ఎవరికీ అనుమానం రాదు, అప్పటికి తప్పు తేదీలు డేటాబేస్‌లో కలిసిపోయి ఉంటాయి, ఏవి తప్పో ఏవి ఒప్పో విడదీయలేం. అందుకని మొదటి ఎంట్రీ కొట్టేముందే రీజియన్‌లో షార్ట్ డేట్ ఫార్మాట్ పాత పీసీలో ఎలా ఉండేదో అలాగే పెట్టండి, ఒక డమ్మీ ఎంట్రీ కొట్టి రిపోర్ట్‌లో నెల పేరు చూసుకోండి. అదే చోట అడ్మినిస్ట్రేటివ్ ట్యాబ్‌లో చేంజ్ సిస్టమ్ లోకేల్ నొక్కితే యూటీఎఫ్ 8 బీటా అని ఒక టిక్ ఉంటుంది, అది పెట్టి ఉంటే పాత ప్రోగ్రాముల్లో అక్షరాలు చెత్తగా రావచ్చు, తీసేసి రీస్టార్ట్ చేయండి.

కంపాటిబిలిటీ మోడ్ గురించి కూడా అడిగారు. ఈఎక్స్ఈ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, కంపాటిబిలిటీ, విండోస్ ఎక్స్‌పీ పెట్టడం. దానివల్ల లోపల నిజంగా ఎక్స్‌పీ ఏమీ రాదు. ప్రోగ్రామ్ వెర్షన్ ఎంత అని అడిగితే ఎక్స్‌పీ అని చెప్పడం, కొన్ని పాత అలవాట్లని పాత పద్ధతిలోనే జరగనివ్వడం, అంతే. వెర్షన్ చూసి నేను నడవను అనే ప్రోగ్రామ్‌కి బ్రహ్మాండంగా పనిచేస్తుంది, లేని ఫైల్‌ని తెచ్చివ్వదు, 16 బిట్‌ని నడపదు. అక్షరాలు మసగ్గా, బటన్లు చిన్నగా వస్తే మాత్రం ఆ పేజీలోనే హై డీపీఐ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఓవర్‌రైడ్‌లో సిస్టమ్ ఎన్‌హాన్స్‌డ్ పెట్టి చూడండి, చాలా తేడా తెలుస్తుంది.

ఇదే సమస్యతో వచ్చే వేరేవాళ్ల కోసం 16 బిట్ సంగతి కూడా చెప్తాను. దిస్ యాప్ కాన్ట్ రన్ ఆన్ యువర్ పీసీ అని వస్తే ప్రోగ్రామ్ ఏ రకందో ముందు తేల్చుకోండి. ఈఎక్స్ఈ ఫైల్ కాపీని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే అంతా పిచ్చి అక్షరాలే ఉంటాయి కానీ మొట్టమొదట ఎంజెడ్ అనే రెండు ఇంగ్లిష్ అక్షరాలుంటాయి, డాస్ కాలంలో ఆ ఫార్మాట్ చేసిన మార్క్ జిబికోవ్‌స్కీ పేరులోని అక్షరాలవి. కొంచెం కిందికి వస్తే పీఈ అని ఉండి వెంటనే ఎల్ ఉంటే 32 బిట్, పీఈ తర్వాత చిన్న డి ఉంటే 64 బిట్. పీఈ బదులు ఎన్ఈ అని ఉంటే విండోస్ 3.1 కాలం నాటి 16 బిట్ ప్రోగ్రామ్, ఇవేవీ లేకుండా ఒక్క ఎంజెడ్డే ఉంటే ఎక్కువగా పాత డాస్ ప్రోగ్రామ్. ఈ చివరి రెండిటినీ నడిపే ఎన్‌టీవీడీఎం అనే భాగం 32 బిట్ విండోస్‌లోనే ఉండేది, 64 బిట్‌లో ఎప్పుడూ లేదు, విండోస్ 11కి 32 బిట్ వెర్షనే లేదు, కాబట్టి సెట్టింగుల్లో ఎంత వెతికినా లాభం లేదు. డాస్ ప్రోగ్రాములకి డాస్‌బాక్స్ ఎక్స్ గానీ వీడాస్ గానీ వాడండి, మామూలు డాస్‌బాక్స్ గేమ్‌ల కోసం చేసింది, ఆఫీసు పనికి ప్రింటింగ్ కావాలంటే ఆ రెండే నయం. 16 బిట్ విండోస్ ప్రోగ్రాములకి వైన్‌వీడీఎం అని ఒక ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్ ఉంది, లినక్స్ మీద వైన్ కూడా వాటిని నడుపుతుంది. ఒక్కోసారి ప్రోగ్రామ్ 32 బిట్టే, దాని సెటప్ మాత్రం 16 బిట్ అయి ఉంటుంది, 90ల చివర్లో వచ్చిన సీడీలు చాలావరకు ఇంతే, అలాంటప్పుడు పాత పీసీలో ఇన్‌స్టాల్ అయి ఉన్న ఫోల్డర్‌ని తెచ్చుకుంటే పనైపోతుంది.

డాంగిల్ (లైసెన్స్ కోసం పీసీకి తగిలించే చిన్న పరికరం) ఉన్న సాఫ్ట్‌వేర్ అయితే దారి వేరే. డాంగిల్‌కి డ్రైవర్ కావాలి, 64 బిట్ విండోస్ సంతకం లేని డ్రైవర్‌ని లోడ్ చేయదు, 32 బిట్ డ్రైవర్ దానికి అసలు పనికిరాదు. డాంగిల్ చేసిన కంపెనీ దగ్గర కొత్త డ్రైవర్ ఉందేమో ముందు చూడండి, చాలాసార్లు ఉంటుంది. లేకపోతే సెక్యూరిటీని ఆపేసి బలవంతంగా ఎక్కించే పని చేయకండి, వర్చువల్ మెషిన్‌లోకి వెళ్లండి.

పైవన్నీ చేసినా నడవకపోతే మీకూ అదే దారి, వర్చువల్ మెషిన్ అంటే విండోస్ 11 లోపల ఒక కిటికీలో పాత విండోస్‌ని పూర్తిగా నడపడం. వర్చువల్‌బాక్స్ సరిపోతుంది, మైక్రోసాఫ్ట్ వాళ్ల హైపర్‌వీ విండోస్ 11 హోమ్‌లో రాదు, పైగా దాంట్లో యూఎస్‌బీ డాంగిల్‌ని లోపలికి ఇవ్వడం కష్టం. మీ పాత డిస్క్ ఉంది కాబట్టి సిస్‌ఇంటర్నల్స్‌లోనే ఉన్న డిస్క్2వీహెచ్‌డీతో దాన్ని వీహెచ్‌డీ అనే వర్చువల్ డిస్క్ ఫైల్‌గా మార్చి వర్చువల్ మెషిన్‌కి తగిలించొచ్చు, అప్పుడు పాత పీసీ ఉన్నదున్నట్టు లేస్తుంది. బూట్ అవుతూ నీలం స్క్రీన్ చివర్లో 7బితో పడితే, అది పైన చెప్పిన 7బి కాదు, డిస్క్ కంట్రోలర్ తేడా, సెట్టింగుల్లో ఐడీఈ, సాటా ఒకదాని బదులు ఇంకోటి మార్చి చూడండి. హార్డ్‌వేర్ మారింది కాబట్టి విండోస్ మళ్లీ యాక్టివేషన్ అడగొచ్చు, లైసెన్స్ కీ దగ్గర పెట్టుకోండి.

ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కి 2020 జనవరి 14న సపోర్ట్ ఆగిపోయింది, కాబట్టి వర్చువల్ మెషిన్‌కి నెట్‌వర్క్ అడాప్టర్ తీసేయండి, బిల్లింగ్‌కి ఇంటర్నెట్‌తో పనేముంది. ఫైళ్లు అటూ ఇటూ మార్చుకోవడానికి షేర్డ్ ఫోల్డర్ చాలు. కానీ డేటాబేస్ ఫైల్‌ని ఆ షేర్డ్ ఫోల్డర్‌లో పెట్టి లోపలి నుంచి నడపకండి, జెట్ డేటాబేస్‌కి లాకింగ్ సరిగ్గా దొరక్క ఏదో ఒక రోజు ఫైల్ చెడిపోతుంది. ఫైల్ వర్చువల్ మెషిన్ లోపలి డిస్క్‌లోనే ఉండాలి, సాయంత్రం ప్రోగ్రామ్ మూసేశాక ఒక కాపీ షేర్డ్ ఫోల్డర్ ద్వారా బయటికి తీసుకోండి.